ఫారంలో లేని ప్రశ్న

ఆ రోజు నేనొక అబద్ధం చెప్పాను. రోజూ రాసుకునే డైరీలో కూడా దాన్ని రాయలేదు. ఎవరికీ చెప్పలేదు.

పేదలకు తక్కువ కిరాయికి ఇచ్చేందుకు ఇండ్లు కట్టాలని సర్కారు అనుకుంటోంది. ఎవరికి ఎలాంటి ఇల్లు కావాలో ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకునే తాత్కాలిక ఉద్యోగం నాది. కాశిబుగ్గలో ఒక కిరాయి గదిలో ముసలి నేతగాడు మంచం పట్టి ఉన్నాడు. ఇక లాభం లేదని దవాఖాన నుంచి పంపేశారట. ఎన్ని గదులు కావాలి, నీళ్లెలా, మరుగుదొడ్డి విడిగానా అని అడుగుతున్నాను. అతని భార్య మధ్యలోనే ఆపింది.

“అవన్ని సరే బిడ్డా. మీరు కట్టే ఇండ్లల్ల సావు చెయ్యనిస్తరా?”

నాకు వెంటనే అర్థం కాలేదు. కిరాయికున్నవాళ్లు ఇంట్లో పోతే అరిష్టమని, ప్రాణముండగానే తీసుకుపొమ్మని ఇంటి ఓనరమ్మ చెప్పేసిందట. పరకాల దగ్గరి ఊళ్లో వాళ్ల సొంతిల్లు ఎప్పుడో కూలిపోయింది.

“నన్నేడ పండవెట్టాల్నో ఇప్పటిసందే సూస్తాంది,” అన్నాడు ముసలాయన. “జర ఆగవే, ఇంక పోలే.”

“నువ్వు ఊకో. నీకేంది, పంటవు. తిప్పలవడేది నేను.”

ఫారంలో ఆ ప్రశ్న లేదు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

“చెయ్యనిస్తరమ్మా,” అన్నాను.

సాయంత్రం ఆమె ప్రశ్నను ఫారం చివర ఖాళీ ఉన్నచోట రాసి ఇచ్చాను. మా సారు రెండుసార్లు చదివాడు. కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు.

“ఇది ఎవ్వరు ఆలోచించలేదమ్మా. ఇంక జాగనే దొరకలే. ముందుగాల గోడలు లేవనియ్యి.”

గోడలు లేచాకైనా చావు చెయ్యనిస్తారా అని అడగాల్సింది. తల ఊపి వచ్చేశాను.

నాలుగు రోజులకు, నిజం చెప్పేద్దామని మళ్లీ వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. గది ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. ముసలాయనను పరుపుతో సహా అందులో పడుకోబెట్టారు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊళ్లో ఆమె చెల్లెలి ఇంటి ముందు రేకుల పందిరి ఉందట, అక్కడికి తీసుకుపోతున్నారు. తాళంచెవి చేతిలో పట్టుకుని ఓనరమ్మ కూడా ఏడుస్తోంది.

“ఆ ఇండ్లు ఇప్పట్ల రావమ్మా,” అన్నాను ముసలామెతో. వచ్చినా అక్కడ చావు చెయ్యనిస్తారో లేదో నాకు తెలియదన్న రెండో మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆమె ఆటో ఎక్కి అతని తలను ఒళ్లోకి తీసుకుంది.

“నా పేరు మాత్రం కొట్టెయ్యకు బిడ్డా. ఆయనకు గాకపోయినా, నేను పోయేనాటికన్న రావాలె.”