పరగడుపున పన్నెండున్నర దాకా

ఆ రోజుల్లో ఎక్కడ క్యూ కనిపించినా నా కోసమే నిలబడిందనుకునేదాన్ని. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ పాసై, ప్రత్తిపాడు దగ్గర ఓ చిన్న ఆసుపత్రిలో కొత్తగా చేరాను. అక్కడ పొద్దున్నే వరండా కిటకిటలాడేది, మధ్యాహ్నానికి ఖాళీ. రోగులు ఎవరికి వారు విడివిడిగా వస్తారని లెక్కగట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో టైమిస్తే ఎవరూ కాచుక్కూర్చోనక్కర్లేదని డాక్టరమ్మకు కంప్యూటర్లో చూపించాను. (ఆవిడ ఒప్పుకున్నది లెక్క చూసి కాదు, నా ధీమా చూసి అనుకుంటా.)

ఆ టైములు పెట్టిన మొదటిరోజే మా పెద్దమ్మ వచ్చింది. మిరపకోతలు మానుకుని వాళ్ల ఊరి ఆడవాళ్లంతా ఒకే ఆటోలో దిగారు. నా కంప్యూటరు వాళ్లను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చక్కగా విడగొట్టింది. చూపించుకున్నవాళ్లు మిగతావాళ్ల కోసం, మిగతావాళ్లు తమ టైము కోసం, ఆటో అతను అందరి కోసం కూర్చున్నారు. వరండాలో కాలు పెట్టే చోటు లేదు. లోపల డాక్టరమ్మ మాత్రం తర్వాతి టైము ఎప్పుడవుతుందా అని గోడ గడియారం చూస్తోంది.

ఇంతలో పెద్దమ్మ గోడకు ఒరిగిపోయింది. ఒళ్లంతా చెమటలు. నర్సు పరుగున వచ్చి గ్లూకోజు నీళ్లు తాగించింది. షుగరు పరీక్షకు పరగడుపున రమ్మన్నది మేమే, పన్నెండున్నరకు టైమిచ్చిందీ మేమే. తిండి సంగతి నా లెక్కలో లేనే లేదు.

ఆవిడ తేరుకున్నాక, ముందే పంపమని అడగొచ్చు కదా పెద్దమ్మా అన్నాను.

"నువ్వు పెట్టిన టైమంటగా అమ్మాయ్. నేనే దాటితే ఇంక నీ మాట ఎవరు వింటారు?" అంది. ఆ నీరసంలోనే పక్కామెకు, ఈ ఏర్పాటంతా మా చెల్లెలి కూతురిదేనని చెప్పుకుంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డాక్టరమ్మ బయటికొచ్చి నెమ్మదిగా, "ఆ టైములు తీసెయ్యమ్మా. షుగరు వాళ్లను ముందు పిలువు" అంది. పిలిచాను, ఎవరి మొహమూ చూడకుండా. ఆ తర్వాత ఒక్కో ఊరి ఆటోకి ఒక్కో టైమిచ్చాం, పరగడుపు వాళ్లు ముందు. వరండా తేలికపడింది.

ఇప్పుడు పెద్ద ఆసుపత్రులకు ఇవే లెక్కలు వేస్తున్నాను. ముందు ఓ పూట రోగుల పక్కన కూర్చుని, ఎవరితో వచ్చారు, ఏం తిన్నారు అని అడిగాకే పని మొదలుపెడతాను. కొత్తగా చేరిన పిల్లలు అది నా తెలివనుకుని మెచ్చుకుంటే తల వంచుకుని నవ్వేస్తాను. ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. కానీ నా మీద నాకు అంత నమ్మకం మాత్రం మళ్లీ ఎప్పుడూ కుదరలేదు.