పెద్దమేస్త్రి కోసం బోధన్ ప్రయాణం

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో నేను హైదరాబాద్‌లో ఒక బెల్లం కొట్టుకు సర్వాధికారిని. సేటు తర్వాత నేనే. అంటే సేటు తర్వాత ఆయన తమ్ముడు, తర్వాత ఇద్దరు కొడుకులు, ఆ తర్వాత నేను. చేరిన కొత్తలో దిమ్మ కొరికి బెల్లం మంచిదో కాదో చెప్పడమే నా పని. కొన్నేళ్ళకు బెల్లం వండే ఏ బట్టి దగ్గర కొనాలో తేల్చే పని వచ్చింది. ఆ చలికాలం సేటు మూడో పని అప్పగించాడు.

"తెల్ల చక్కెర వస్తున్నది. ఇగ మన బెల్లం ఎవరు కొంటరు, ఎసుంటిది కొంటరు? పోయి తెలుసుకొని రా" అన్నాడు.

దీనికి నాలుక ఒక్కటే చాలదు. ఇంకేం కావాలో నాకు తెలియదు. తెలిసినట్టే తలూపి కాచిగూడలో రాత్రి బండెక్కాను.

ఫస్టు క్లాసులో వెళ్ళానని మనవలతో చెబుతుంటాను. థర్డు క్లాసే. టికెట్టు ఎంతో గుర్తులేదు, గుర్తుందంటే నమ్మకండి. బల్ల మీద నా పక్కన ఏర్గట్ల ఊరి పసుపు రైతు ఒకాయన కూర్చున్నాడు. నా పని సంగతి విని నవ్వాడు. "పసుపైతే కొమ్ము ఇరిచి లోపట సూస్తరన్నా. నీ బెల్లం ఏం ఇరుస్తరు?" అని నా భుజం మీదే తల వాల్చి నిద్రపోయాడు.

పొద్దున ఏడింటికి నిజామాబాద్‌లో దిగి, స్టేషన్ బయట చాయ్ తాగాను. బోధన్ బస్సు బయలుదేరే వేళ ఏదంటే, డ్రైవరు చాయ్ ముగించే వేళ. ఆ రోజు అది తొమ్మిదైంది. దారి పొడుగునా దుమ్ము, ఆ దుమ్ము వెనక చెరుకు. బోధన్ అంగడిలో ఒకామె మరాఠీలో మిరపకాయల బేరం చేస్తుంటే వింటూ జొన్నరొట్టె తిని, రుద్రూరు వైపు వెళ్ళే ఎడ్లబండి పట్టుకున్నాను. ఇప్పుడు వెళ్ళేవాళ్ళకు తారు రోడ్డుంది. కానీ అప్పుడు కోసెడు దూరం నుంచే కాగుతున్న చెరుకు రసం వాసన వచ్చి, బండిలో ఉన్నవాడిని చెయ్యి పట్టి లాక్కుపోయేది. ఆ వాసన కోసం ఇవాళ ఏ బస్సెక్కినా లాభం లేదు.

బట్టి గంగవ్వది, చెరుకూ ఆమెదే. నేను బండి దిగగానే అసలు మాట చెప్పేసింది.

"గుమాస్త సాబ్, మీ సేటు కొంటనంటేనే ఈ బట్టి. లేకుంటే వచ్చే యేడు చెరుకంత ఫ్యాక్టరీకే తోలుత. ముసలాయనకు కండ్లు పోయినయ్. సాయిగాన్ని పెద్దమేస్త్రిని చెయ్యాల్నా, బట్టి ఆర్పాల్నా, గియ్యాల్నే తేలాలె."

ముసలాయన అంటే భూమన్న, అప్పటిదాకా బట్టి పనంతా నడిపిన పెద్దమేస్త్రి. సాయన్న ఆయన దగ్గరే మంట వేయడం నేర్చి, తర్వాత గరిటె పట్టినవాడు. అతను గర్వంగా ఒక దిమ్మ తెచ్చి నా ముందు పెట్టాడు. పాలిపోయినంత తెల్లగా ఉంది.

"సూడుండ్రి సాబ్! చక్కెర తీర్గ ఉండాలెనని పాకం ముదురకముందే దించిన."

వేలితో నొక్కాను. గుంట పడింది. వానాకాలానికి నీరుగారిపోయే సరుకు. నేను దిమ్మను పక్కకు జరిపిన చప్పుడు భూమన్నకు వినబడింది.

"ఒరే సాయిగా, మంట కాడోనికి పిప్పి కనబడితె సాలు. గరిటె పట్టినోనికి పాకం కనబడాలె. పెద్దమేస్త్రికి తినేటోడు కనబడాలె."

"నీకు కనబడుతున్నడా బాపూ?" అన్నాడు సాయన్న ఉక్రోషంగా.

"నాకు నువ్వే కనబడుతలేవు గదరా!"

అందరూ నవ్వారు, సాయన్న తప్ప. అతను నా వైపు తిరిగాడు. "హైదరాబాద్‌ల మన బెల్లం ఎవరు తింటరు సాబ్?"

నా నోరు ఊరుకుంటుందా? "నవాబుల దేవిడీలకు పోతుంది. వెండి పళ్ళేల్లో పెడతారు" అన్నాను.

సాయన్న ముఖం వెలిగింది. "నవాబులకైతే తెల్లగనే ఉండాలె. దించుండ్రి!" అని అరిచాడు. పొయ్యి మీద ఉన్నది ఆ రోజుకు ఆఖరి కడాయి. ఇద్దరు మనుషులు కడాయి చెవుల్లో కర్ర దూర్చారు.

"ఆగు సాయన్నా! నవాబు లేడు, వెండి పళ్ళెం లేదు" అన్నాను, నలుగురిలో పరువు పోతుంటే. "బాలింతలకు సొంటితో దంచి పెడతారు. రాళ్ళు కొట్టే కూలోళ్ళు అటుకుల్లోకి నంజుకుంటారు."

"గంత పెద్ద దిమ్మ కూలోళ్ళేడ కొంటరు?"

"కొట్టువాడు గడ్డపారతో పగలగొట్టి ఇస్తాడు. సగం పొడై నేల పాలు."

సాయన్న కడాయి వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కర్ర తీయించి, మంట పెంచమన్నాడు. పాకం ముదిరి ఎర్రబడింది. దించాక దిమ్మల గుంటల్లో పోయనివ్వలేదు. చల్లారేటప్పుడు గుప్పెడు తీసి ముద్ద కట్టాడు.

ఆ ఊళ్ళో ఒక రివాజుంది. బట్టి ముందు నుంచి వెళ్ళే ఎవరినీ ఉత్త చేతుల్తో పంపరు, వేడి ముద్ద ఒకటి పెడతారు. గంగవ్వ గుర్తుపట్టింది.

"సిగ్గుగాదురా? బాటన పోయేటోళ్ళకు ఉత్తగిచ్చే ముద్దలు అమ్ముతవా?"

"ఈడ ఇచ్చేటియి ఇద్దాం అవ్వా. గా బాలింతలు మన బట్టి ముంగట నుంచి పోరు గద."

భూమన్న చెయ్యి చాచి ముద్దను తడిమి చూశాడు. "ఆనికి తినేటోడు కనబడ్డడు" అన్నాడు మెల్లగా.

సేటును అడగకుండానే కొంటామని మాటిచ్చేశాను. గంగవ్వ కొంగు నడుముకు చుట్టి తనూ ముద్దలు కట్టడానికి కూర్చుంది. "రేపటిసంది గరిటె ఎవనికిస్తవో నువ్వే సూస్కో, పెద్దమేస్త్రీ" అంది సాయన్నతో. అతను గరిటెను వెంటనే వదల్లేకపోయాడు పాపం.

నేను హైదరాబాద్ చేరాక సేటు ఒక ముద్ద నోట్లో వేసుకుని, తిట్టబోయి, రెండోది తీసుకున్నాడు. ఆ బట్టి ఇంకా చాలా ఏళ్ళు మండింది. ఇప్పుడు లేదు.

తిరుగు రైల్లో ఒకాయన, "బోధన్ల ఏం జూసినవన్నా?" అని అడిగాడు. "రెండు పొగలు చూశాను. ఆకాశంలో ఫ్యాక్టరీ పొగ, బట్టి పొగ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి" అన్నాను. అప్పటినుంచి అందరికీ అలాగే చెబుతూ వచ్చాను. నిజానికి ఫ్యాక్టరీ చిమ్నీ అప్పటికి సగమైనా లేవలేదు. ఆ సాయంత్రం ఎడ్లబండి మీద వెనక్కి తిరిగి కూర్చుని, బోధన్ దాకా నేను చూసిన పొగ ఒక్కటే. సాయన్నది.