బోరబండ దాకా నడక

నా చిన్నప్పుడు పక్క వీధికి వెళ్ళాలన్నా మాకు కారే. నాన్నది సినిమాల పంపిణీ వ్యాపారం. జూబ్లీ హిల్స్‌లో ఇల్లు, వాకిట్లో డ్రైవరు. నడక అంటే ఏమిటో నాకు తెలియదు.

మా ఇంట్లో వంట చేసే ఆమె బోరబండ నుంచి వచ్చేది. ఎలా వస్తుందో నేనెప్పుడూ అడగలేదు. ఒక శనివారం ఆలస్యంగా లేచి, బడిలో పరీక్షకు వెళ్ళలేకపోయాను. నాన్న గద్దించేసరికి భయపడి, "వంటామె లేటుగా వచ్చింది, టిఫిన్ అవలేదు" అనేశాను. నాన్నకు కోపం ఎక్కువ. ఆమె చెప్పబోయింది వినకుండా ఆ సాయంత్రమే పని మానిపించారు. ఆమె నా వైపు ఒక్కసారి చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. నేను గుమ్మంలోంచి కదల్లేదు.

మా నాయనమ్మకు నిజం తెలుసు. ఆ పొద్దున నన్ను లేపి లేపి విసిగిపోయింది ఆవిడే. అయినా తిట్టలేదు, నాన్నతోనూ చెప్పలేదు. మర్నాడు "వెళ్ళి పిలుచుకొద్దాం పద" అంది. నేను డ్రైవరును పిలవబోతే, "ఆమె రోజూ ఎలా వస్తోందో అలాగే వెళ్దాం" అంది.

ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. కొండ దిగేటప్పుడు బాగానే నడిచాం. తర్వాత ఎండ ముదిరింది, నా మడమకు బొబ్బ లేచింది. నాయనమ్మ కాస్త దూరానికోసారి ఆగి మోకాలు పట్టుకునేది. "ఇంటికెళ్ళిపోదాం" అని ఏడ్చాను. "ఆమె ఎవరితో అంటుందే ఆ మాట?" అంది, మళ్ళీ నడక సాగిస్తూ. ఆవిడ కుంటుతూ ముందు నడుస్తుంటే, ఆ నొప్పి నేను పెట్టిందేనని నాకు అర్థమైంది.

తన గుమ్మం ముందు మమ్మల్ని చూసి వంటామె కంగారుగా చెంబుతో నీళ్ళు తెచ్చింది. "అయ్యో, గింత దూరం నడుసుకుంట వచ్చిండ్రా అమ్మా? ముందు కాళ్ళు కడుక్కోండ్రి." నా బొబ్బ చూసి, కింద కూర్చుని తనే నీళ్ళు పోసింది. పగిలి నల్లబడ్డ ఆమె మడమలను అప్పుడే మొదటిసారి చూశాను.

"నేను లేటొచ్చిన్నా బిడ్డా? నువ్వే చెప్పు."

లేదని తల అడ్డంగా ఊపాను. ఏడుపు ఆగలేదు.

ఆమె కొంగుతో నా పాదాలు తుడిచింది. "గా మాట మీ నాయినకు చెప్పు, చాలు. నేనైతే మల్ల రాను. మాట పడ్డ గడప తొక్కబుద్ధైతలేదు."

నాయనమ్మ బతిమాలలేదు. ఆమె చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని లేచింది.

సాయంత్రం నాన్నకు నిజం చెప్పాను. ఆయన మర్నాడు తనే బోరబండ వెళ్ళారు. ఒంటరిగా తిరిగొచ్చారు.

నాకిప్పుడు అరవై దగ్గరపడుతున్నాయి. ఎవరినైనా ఆలస్యమైందని అనబోయే ముందు, ఎంత దూరం నుంచి వచ్చారో అడుగుతాను. ఆ అలవాటు ఆ రోజు నాకిచ్చిందే. కానీ "తప్పు నాది" అని ఆమెతో నోరు తెరిచి అనలేదు. తల ఊపాను, అంతే.