యంత్రపూజ నాటి కేసరిబాత్

ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి, కాళ్లు చాపుకున్నా ఏమీ అనుకోను. ఆ రోజుల్లో నేను కాడుగోడిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో గాజుగొట్టాలు కడిగేదాన్ని. రక్తంలో కొవ్వెంతుందో మా పెద్దసారు ఆ గొట్టాల్లోనే మందులు కలిపి, రంగు చూసి తేల్చేవారు. కడిగీ కడిగీ నా వేళ్లు (అప్పటికింకా పెళ్లి కూడా కాలేదు) ముసలమ్మ వేళ్లలా ముడతలు పడ్డాయి. అందుకే ఆ పనంతా తానే చేసుకునే యంత్రం వస్తోందనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇది బాగా పనిచేస్తే నిన్ను దీని దగ్గరే పెడతా" అని ల్యాబు నడిపే మేడం మాటిచ్చారు. మొదటిరోజే తప్పు చూపిస్తే మాత్రం అది వెనక్కి, నేను మళ్లీ తొట్టి దగ్గరికి.

మా ఊళ్లో కొత్త స్కూటరుకైనా పూజ కానిదే తాళం తిప్పరు కదా. పొద్దున్నే మేడం అత్తగారు యంత్రానికి హారతిచ్చి, నెయ్యి కారే కేసరిబాత్, అదే రవ్వకేసరి, ఆకుల్లో పంచారు. నేను రెండోసారి కూడా పెట్టించుకున్నాను. పెద్దసారు మాత్రం మూతి ముడుచుకున్నారు. "ఇన్నేండ్లు చాకిరీ చేసింది నేను, పూజ దానికా? నాకేం వద్దు పోమ్మే."

యంత్రం కంపెనీ ఇంజినీరు మహదేవపుర ట్రాఫిక్ దాటి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పరీక్షకని మా రక్తమే తీశారు. గిర్రున తిప్పి చూస్తే, పైన తేటగా తేలాల్సింది పాలలా తెల్లగా ఉంది. యంత్రం ఒక్కొక్కటే వద్దు పొమ్మంది. నాదైతే (చెప్పుకుంటే సిగ్గు) చిక్కటి మజ్జిగే.

"నేను అప్పుడే చెప్పినా కదప్పా, దానికేం తెలుస్తాది" అన్నారు పెద్దసారు, కుర్చీలో వెనక్కి వాలి.

"ఇంకెవరైనా ఉన్నారా సార్? లాస్ట్ ట్రై" అన్నాడు ఇంజినీరు.

మిగిలింది పెద్దసారే. విసుక్కుంటూ చెయ్యి చాపారు. ఆయనది లేత పసుపురంగులో తేటగా తేలింది. యంత్రం చకచకా అంకెలిచ్చింది. నమ్మక, పెద్దసారు తన గొట్టంలోనూ చూసుకున్నారు. రెండూ ఒకటే.

"సార్, పొద్దున మీరేం తిన్నారు?" అని మేడం మెల్లగా అడిగారు.

"ఏం తింటాను తల్లీ, కోపంలో టిఫిను గూడా ముట్టలేదు."

అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. వచ్చిన ప్రతివాళ్లనూ పరగడుపునే వచ్చారా అని నిలదీసేవాళ్లం, మా సంగతి మరిచాం. మా రక్తంలో తెల్లగా తేలింది పొద్దుటి నెయ్యే. ప్రసాదాన్ని తిండి కింద ఎవరు లెక్కేస్తారు చెప్పండి?

"అంటే, నేను అలిగినందుకే ఇది ఈడ ఉండిపోతాదా" అని పెద్దసారు తల పట్టుకున్నారు.

సాయంత్రానికి యంత్రం ముందు నాకు కుర్చీ పడింది. ఇప్పుడు చెంచాడు నెయ్యికి కూడా డాక్టరు ఒప్పుకోడు. సిగ్గుపడకుండా ఆకు చాపిన ఆనాటి పిల్లను తలుచుకుంటే మాత్రం ముద్దొస్తుంది. మీ ఇంటిల్లిపాదీ కడుపునిండా తిని, తిన్నది అరిగించుకుని, చల్లగా ఉండండి.