బొట్టు లేని ఫోటోతో వెళ్లిన ఉత్తరాలు

2021. విజయవాడ కార్పొరేషన్ ఎన్నికల రోజులు. గవర్నర్‌పేటలో ఒక మేడమీది చిన్న ఆఫీసులో నేను డైరెక్ట్ మెయిల్ పని చూసేదాన్ని. అంటే అభ్యర్థి తరఫున ఒక్కో కుటుంబానికి పేరుపేరునా ఉత్తరం తయారుచేసి పోస్టులో పంపడం. కరపత్రం గుమ్మం దగ్గరే చెత్తలోకి పోతుంది. పేరున్న కవరు ఇంట్లోకి వెళ్తుంది. శుభలేఖకు పెట్టినట్టు నాలుగు మూలలా పసుపు పెడితే దేవుడి గూటి దాకా వెళ్తుంది. అది మా ఆఫీసు అలవాటు.

కొండ మీద ఇళ్లుండే ఒక డివిజన్ నుంచి రాజ్యలక్ష్మి గారు నిలబడ్డారు. అంతకుముందు అక్కడ పార్టీ పని చేసింది ఆవిడ భర్త. ఆయన పోవడంతో టికెట్ ఆవిడకిచ్చారు. ప్రచారం ఆవిడ మరిది శేషగిరి గారు నడిపేవారు.

ఉత్తరం ప్రూఫ్ చూడగానే ఆయన మొహం మాడ్చుకున్నారు. ఫోటోలో ఆవిడ నుదుట బొట్టు లేదు.

“ఏమ్మా, కంప్యూటర్లో ఒక్క బొట్టు పెట్టలేరా? పోనీ, అన్నయ్య ఉన్నప్పటి ఫోటో వెయ్యండి.”

“అందులో నాకు ముప్ఫై ఏళ్లు, శేషగిరీ. ఓటర్లేమన్నా పెళ్లిచూపులకొస్తున్నారా?” అన్నారావిడ.

“నవ్వులాట కాదొదినా. పొద్దున్నే పసుపు పెట్టిన కవరు విప్పి నీ మొహం చూస్తే...” ఆగిపోయారు.

“పూర్తి చెయ్యి.”

ఆయన నా వైపు తిరిగారు. “మీరైనా చెప్పండమ్మా. ఈ సీటు పోతే అన్నయ్య ఇన్నాళ్ల కష్టం పోయినట్టే.”

అప్పటికి మా పాపకు ఏడాది నిండలేదు. అది తుమ్మినా దిష్టి తీసేదాన్ని. ఆయన భయం నాలోనూ ఉంది. “రెండు రకాలూ ప్రింట్ చేద్దామా అండీ?” అన్నాను.

“వద్దమ్మా. రేపు మెట్లెక్కి తలుపు కొట్టేది ఈ మొహమే. ఉత్తరంలో ఒకావిడ, గుమ్మంలో ఇంకొకావిడ అయితే ఎవర్ని నమ్ముతారు?”

అంతే. ఆవిడ పసుపు గిన్నె తన ముందుకు లాక్కుని, సాయంత్రం దాకా కవర్ల మూలలకు తనే పసుపు పెట్టారు. కాసేపటికి శేషగిరి గారు వచ్చి ఎదురుగా కూర్చుని కవర్లు అంటించడం మొదలుపెట్టారు.

ఆవిడ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఫోటో వల్లేనా? చెప్పలేను. శేషగిరి గారు ఫోన్ చేస్తే, నేను ముందే చెప్పానుగా అంటారనుకున్నాను. అనలేదు. “కొండ మీద ఇద్దరు ముగ్గురు, మొగుళ్లు పోయినవాళ్లు, వదిన ఉత్తరం గోడకి అంటించుకున్నారండీ” అన్నారు.

ఆ తర్వాత ఏ అభ్యర్థి ఫోటోనూ నేను దిద్దలేదు. ఉత్తరంలో కనిపించిన మనిషే గుమ్మంలోకి రావాలి. పనిలో నేను నేర్చుకున్నది అంతవరకే. ఇంట్లో నేర్చుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

నాన్న పోయాక మా అమ్మ, పాప పుట్టినరోజున హారతి వేళకు వంటింట్లోనే ఉండిపోయేది. నేనూ పిలిచేదాన్ని కాదు. మొన్నటి పుట్టినరోజున హారతి పళ్లెం తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాను.

“నేనెందుకే? మీ అత్తగారున్నారుగా.”

“పట్టుకోమ్మా” అన్నాను.

పాపకు ఏమవుతుందోనన్న భయం నాలో ఇంకా ఉంది. పళ్లెం మాత్రం వెనక్కి తీసుకోలేదు.