కాగితంలో ఉన్న గొర్రెలు

రాచర్ల దగ్గరి పల్లెలో శివపార్వతి నోటికి జడవని మనిషి లేడు. ఆమెకు కోపం వస్తే గొర్రెలు కూడా మేత ఆపి చూస్తాయని మొగుడు పుల్లయ్య ఎగతాళి చేసేవాడు. ఆ పుల్లయ్య ఇప్పుడు మార్కాపురంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ఎండలకు బీళ్లు మాడిపోతే, జీవాలకు నాలుగు రెమ్మలు కొడదామని తుమ్మచెట్టెక్కి కొమ్మతో సహా కిందపడ్డాడు. తుంటి విరిగింది. వారంలోపు ఆపరేషన్ జరగకపోతే మళ్లీ నడవడని డాక్టరు తేల్చేశాడు.

వార్డు పక్క గదిలో వాళ్ల ఊరి ఆసామి రంగనాయకులు ఉన్నాడు. బాత్‌రూములో జారిపడ్డాడు. అదే తుంటి, అదే డాక్టరు. ముప్పై ఎకరాలు ఇంట్లోవాళ్ల పేరున తలా కొంత సర్ది, తాను మాత్రం పేదల కార్డు పెట్టుకున్న ఘనుడు. ఆ కార్డు మీద పైసా ఖర్చు లేకుండా ఆపరేషన్ అయిపోయింది. మూడోరోజుకే వాకరు పట్టుకుని వరండాలో తిరుగుతున్నాడు.

పుల్లయ్య కార్డు మాత్రం చెల్లదన్నారు. లక్షా అరవై వేలు కడితేనే ఆపరేషన్ అన్నారు. ఇదెక్కడి ధర్మం? ఉన్నవాడికి ఉచితమూ, లేనివాడికి బిల్లూనా?

శివపార్వతి మండలాఫీసుకు పోయి రోజంతా నిలబడితే సంగతి బయటపడింది. అరవై గొర్రెలున్న కుటుంబమట, అందుకని కార్డు తీసేశారట. నిజానికి వాళ్లవి ఇరవై. మిగతా నలభై రంగనాయకులువి. వాటిని వీళ్లు వాటాకు మేపుతున్నారు, పుట్టిన పిల్లల్లో సగం వీళ్లకు. రెండేళ్ల కిందట సర్వేకు వచ్చినవాళ్లు జీవాలెవరివని అడిగితే పుల్లయ్య అన్నీ మావేనన్నాడు. పరాయివాళ్ల ముందు ఇన్ని మావి, ఇన్ని వేరేవాళ్లవి అని మందను నోటితో పంచితే రోగం వచ్చి నిజంగానే పంచుతుందని గొర్రెలు కాసే ఇళ్లలో భయం. తాతల నాటి ఆ భయమే అతని కొంప ముంచింది.

ఆ నలభై తనవని యజమాని రాసిస్తే కార్డు తిరిగి వస్తుందని ఆఫీసులో చెప్పారు. అరవై గొర్రెలూ పుల్లయ్య పేరున ఉన్న కాగితం నకలు పట్టుకుని ఆమె నేరుగా రంగనాయకులు గదికి వెళ్లి, మంచం పక్కన కింద కూర్చుని బతిమాలింది. ఎవరినీ బతిమాలి ఎరగని మనిషి.

"అట్ల రాసిస్తే నా కార్డు ఉంటాదా పార్వతీ?" అన్నాడు రంగనాయకులు. "నీ ఇరవై అమ్ముకో. జీవాలదేముంది, మళ్లా పుడతాయి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పదేళ్లుగా ఇతని గొర్రెల వెంట ఎండకు ఎండి వానకు తడిసింది తాము. ఆ గొర్రెల పుణ్యాన కార్డు పోగొట్టుకున్నదీ తామే. ఇప్పుడు ఉన్న ఇరవై కూడా అమ్మేస్తే, లేచి నడిచే పుల్లయ్య దేని వెంట నడవాలి? కాగితం మడిచి కొంగున కట్టుకుని లేచి వచ్చేసింది. అంత కోపంలో ఆమె నోరు లేవకపోవడం అదే మొదలు.

మర్నాడు గిద్దలూరు నుంచి గొర్రెల బేరగాడు సుందరరాజు వచ్చాడు. ఆమె మందలోకి దిగి, బలిసిన వాటిని ఇరవై ఏరి చూపించింది. చెవికోత గుర్తు చూసి అతను వెనక్కి తగ్గాడు, ఇవి రంగనాయకులువి కదా అన్నాడు. ఆమె ఆఫీసు కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. సుందరరాజు రెండుసార్లు చదివి, నవ్వు ఆపుకుని, డబ్బిచ్చి, జీవాలను బండెక్కించాడు. ఆపరేషన్‌కు కావలసినంతే అమ్మింది, ఒక్కటి కూడా ఎక్కువ ముట్టుకోలేదు.

ఆ డబ్బు కట్టాక ఆపరేషన్ జరిగింది. ఆ సాయంత్రమే రంగనాయకులుకు ఊరినుంచి ఫోను వచ్చింది. వాకరు ఈడ్చుకుంటూ వార్డులోకి వచ్చి, పదిమందీ వింటుండగా అరిచాడు.

"నా జీవాలు అమ్మేదానికి నువ్వెవరు?"

శివపార్వతి మొగుడి కాళ్ల మీద దుప్పటి సర్ది, నిదానంగా ఇటు తిరిగింది.

"నీయా అన్నా? అయితే పోయి అదే మాట ఆఫీసులో రాసిచ్చిరా. ఆటో నేనే పిలుస్తా."

రంగనాయకులు చుట్టూ చూశాడు. నర్సు చూస్తోంది, పక్క మంచాల వాళ్లు చూస్తున్నారు. జేబులో కార్డున్న చోట చేయి పెట్టుకుని, వాకరు వెనక్కి తిప్పుకున్నాడు.