అగ్గిపెట్టె లేకుండా సంగారెడ్డి అవతలికి

అడవిలో ఎలా బతకాలో నేర్పే రెండు రోజుల శిబిరానికి మేం వెళ్లడానికి కారణం అడవి మీద ప్రేమ కాదు, మామిడికాయ తొక్కు. మా ఆవిడ సుజాతకు ఒక అక్క ఉంది, కమలక్క. వెలిమెల దగ్గర కొత్త అపార్ట్‌మెంట్లో ఉంటుంది. ఒకరోజు మా ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరూ ఫోన్లో ఆ శిబిరం వీడియో చూశారు. కట్టెతో కట్టె రాసి మంట పెట్టడం తనకూ వస్తుందని సుజాత అంది. కమలక్క పగలబడి నవ్వింది.

"లైటర్ తోటి స్టవ్వు ముట్టియ్యనీకే నాలుగుసార్లు కొడ్తవ్. కట్టెలతోటి ముట్టిస్తవానే?"

మాటా మాటా పెరిగి పందెం దాకా పోయింది. సుజాత తన చేత్తో మంట పెట్టి, అది మండుతుండగా వీడియో తీయించి పంపాలి. లేకపోతే ఈ ఎండాకాలం రెండిళ్లకూ సరిపడా తొక్కు తనే పెట్టాలి. పంపితే ఆ చాకిరీ కమలక్కది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. పటాన్‌చెరు దగ్గర ఒక పంపుల కంపెనీలో నేను ఫైర్ సేఫ్టీ చూస్తాను. మంట కనిపిస్తే ఆర్పడం నా పని. డ్యూటీ దిగి ఇంటికొచ్చినా ఆ పని నన్ను వదలదు. కూర ఉడుకుతుండగానే సిలిండర్ కట్టేసిన చరిత్ర నాది. ప్రతి సోమవారం సుజాత దేవుడి దగ్గర దీపం పెట్టి, తన టైలరింగ్ షాపు తెరవడానికి పోతుంది. మనుషులు లేని ఇంట్లో మంట ఉండకూడదు కదా, డ్యూటీకి బయల్దేరే ముందు నేను ఆ దీపాన్ని కొండెక్కించి పోతాను. సోమవారం సాయంత్రాలు మా ఇంట్లో ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

శనివారం ఉదయం ఆరున్నరకు బీరంగూడ కమాన్ దగ్గర సంగారెడ్డి బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి సుజాత ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది, నేను డబ్బులిచ్చి తీసుకున్నాను. అయినా కిటికీ సీటు ఆమెదే. పటాన్‌చెరులో షిఫ్టు వాళ్లు దిగిపోయాక కాళ్లు చాపుకునే చోటు దొరికింది. ముత్తంగి దగ్గర మాత్రం లారీల మధ్య ఇరుక్కుని చాలాసేపు కదల్లేదు. ఎదురు సీట్లో గంప పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ మా పెద్ద బ్యాగులను ఎగాదిగా చూసింది.

"ఎటు వోతున్నరు బిడ్డా?"

"అడవిల మంట పెట్టుడు నేర్సుకోనీకి, అవ్వా," అంది సుజాత.

"మీ ఇంట్ల గ్యాసు లేదా?"

"ఉన్నది అవ్వా. ఈయన ముట్టియ్యనియ్యడు."

ముసలమ్మ దిగేదాకా నా వైపు అదోలా చూస్తూనే ఉంది.

ఎనిమిది దాటాక సంగారెడ్డి బస్టాండులో దిగి, పక్కనే ఇడ్లీ, వడ తిన్నాం. వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా: ఇక్కడ కడుపు పగిలేలా తినండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. అక్కడి నుంచి షేర్ ఆటోలో అరగంట. పెద్ద పెద్ద బండరాళ్లు, సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు. అడవే, కాదనను. కాకపోతే దూరంగా ఒక కంపెనీ పొగగొట్టం కనిపిస్తూ ఉంటుంది. ఎంత లోపలికి నడిచినా అది మాతోపాటే వచ్చింది.

శిబిరం నడిపేది జావేద్ సార్. సంగారెడ్డిలోనే ఒక బడిలో ఆటల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మెడలో విజిల్ ఇంకా ఉంది. మా జట్టులో డజను మందికి పైగా ఉన్నాం, దాదాపు అందరం ఫ్యాక్టరీల చుట్టుపక్కల వాళ్లమే. గేటు దగ్గరే అందరి అగ్గిపెట్టెలు, లైటర్లు తీసేసుకున్నాడు.

"రాత్రికి మీరు ముట్టిచ్చిన మంట మీదనే అన్నం. మంట లేకుంటే అన్నం లేదు. పరేషాన్ గాకుండ్రి, అందరికీ వస్తది."

మొదటి పాఠం దిక్కులు తెలుసుకోవడం. అడవిలో దారి తప్పితే ఏ దిక్కు ఏదో ఎలా చెబుతారని అడిగాడు. నీడ చూసి, నాచు చూసి అనే జవాబు వస్తుందనుకున్నట్టున్నాడు. ముత్తంగిలో లారీ ఆఫీసులో పనిచేసే యాదగిరి గాలిని గట్టిగా పీల్చి, "బిస్కెట్ల ఫ్యాక్టరీ వాసనొస్తుంది సార్. అటు తూర్పు," అన్నాడు. దానిమీద వాదన మొదలైంది. అది బిస్కెట్లు కాదు, బ్రెడ్డు అని ఇంకొకాయన. జావేద్ సార్ విజిల్ ఊదాల్సి వచ్చింది.

తర్వాత జంతువులకు వినపడకుండా నడవడం నేర్పాడు. అందరం వంగి, ఊపిరి బిగబట్టి పొదల్లో నడుస్తుండగా దూరంగా ఏదో ఫ్యాక్టరీ మధ్యాహ్నం సైరన్ మోగింది. అంతే, జట్టు మొత్తం లేచి నిలబడి టిఫిన్ డబ్బాల వైపు నడిచింది. ఎవరూ ఆలోచించి చేసిన పని కాదు. జావేద్ సార్ ఒక్కడే పొదలో వంగి మిగిలిపోయాడు.

తిన్నాక తలా ఒక తాడు ఇచ్చి ముడులు నేర్పాడు, తాడు మీరే ఉంచుకోండన్నాడు. ఆ తర్వాత అసలు పని. చిన్న విల్లు లాంటి కట్టె, దాని తాడులో ఒక పుల్ల చుట్టి, ఆ పుల్లను కింద పలక మీద నొక్కిపెట్టి ముందుకూ వెనక్కూ లాగాలి. పలక గాడిలోంచి నల్లటి పొడి రాలి, అది రాజుకుంటే కొబ్బరి పీచులో పెట్టి ఊదాలి. వినడానికి ఇంతే. గంట తిరిగేసరికి అందరం చెమటలు కక్కుతూ పుల్లలు విరగ్గొట్టి కూర్చున్నాం. సుజాత ఒక్కతే ఆపలేదు. కుట్టుమిషన్ తొక్కే మనిషి, ఒకే ఊపున లాగుతూ పోయింది. చేతులు బొబ్బలెక్కాయి. ఎండ వాలే వేళకు పలక నుంచి పొగ లేచింది. అందరూ చుట్టూ చేరారు. నేను ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాను. ఆమె పీచును దోసిట్లోకి తీసుకుని ఊదింది, ఊదింది. గప్పున మంట లేచింది. నేల మీద పెట్టి, "అంటుకున్నదీ!" అని అరిచింది.

నేను "ఫైర్! ఫైర్!" అని అరిచాను. ఫోన్ ఎటు విసిరానో తెలియదు. పక్కనే ఇసుక బకెట్ ఉంది. ఎవరూ చెప్పకపోయినా పొద్దున రాగానే నేనే నింపి పెట్టుకున్నది. నెల నెలా డ్రిల్లులో ఎలా పోస్తానో అలాగే, అంచు నుంచి మధ్యకు, శాస్త్రప్రకారం పోశాను. మంట పోయింది. అలవాటు కొద్దీ, "కంట్రోల్‌లో ఉంది," అని కూడా ప్రకటించాను.

"అరే సార్, క్యా కియే!" అని జావేద్ సార్ తల పట్టుకున్నాడు. చుట్టూ చేరినవాళ్ల తలలు అడ్డొచ్చి వీడియోలో మంట పడనే లేదు, మిగిలింది కాస్త పొగ, నా చెప్పులు, ఆకాశం. యాదగిరి కడగని బియ్యం కేసి, నా కేసి మార్చి మార్చి చూశాడు. చీకటి పడింది, మళ్లీ ముట్టించే ఓపిక ఎవరికీ లేదు. రాత్రికి అందరం నీళ్లలో నానబెట్టిన అటుకులు, బెల్లం తిన్నాం. పొద్దుటి ఇడ్లీల విలువ అప్పుడు తెలిసింది.

సుజాత అరవలేదు. అరిస్తే బాగుండేది. టెంటు బయట కూర్చుని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ నెమ్మదిగా అంది.

"తొక్కు పెడ్త తియ్యి, గదేం పెద్ద పని గాదు. పెండ్లయిన కానుంచి నేను ముట్టిచ్చిన ఒక్క మంటనన్న నిమ్మలంగ సూడనిచ్చిండ్రా మీరు?"

నాకు నిజంగా బాధేసింది.

ఆదివారం పొద్దున్నే ఆమె మళ్లీ విల్లు చేతికి తీసుకుంది. నేను దూరంగా ఉంటానన్నాను. ఎవరూ నమ్మలేదు. జావేద్ సార్ "ముడుల క్లాస్ గూడ రివిజన్ ఐతది," అని యాదగిరికి సైగ చేశాడు. యాదగిరి సుజాత తాడు తీసుకుని, ముత్తంగిలో లారీకి లోడు కట్టినట్టే నన్ను వేపచెట్టుకు కట్టాడు. "సార్, హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ దాక పోయినా ఊడది," అని భరోసా కూడా ఇచ్చాడు.

ఈసారి వీడియో జావేద్ సార్ తీశాడు. పొగ లేచింది, మంట లేచింది. నేను "ఫైర్!" అని అరిచి గింజుకున్నాను. తాడు కదల్లేదు. చేసేదేమీ లేక మంటను చూశాను. ఇన్నేళ్లలో మంటను చూడగానే ఎంత దూరం, గాలి ఎటు, బకెట్ ఎక్కడ అని లెక్కలేయడమే తప్ప, ఊరికే చూసింది లేదు. దాని పక్కన బుగ్గకు మసి, కళ్లల్లో నీళ్లు, నోరంతా నవ్వుతో మా ఆవిడ. ఎంత బాగుందో! నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఆ మంట మీద వండిన కిచిడీ మాడింది. గిన్నెలో మెతుకు మిగల్లేదు.

మూడు గంటలకు సంగారెడ్డిలో తిరుగు బస్సు దొరికింది. మళ్లీ జీరో టికెట్, మళ్లీ కిటికీ సీటు. కంది దాటుతుండగా, పంపిన వీడియోకు జవాబుగా కమలక్క వాయిస్ మెసేజ్ వచ్చింది. సుజాత దాన్ని బస్సంతా వినపడేలా పెట్టింది.

"తొక్కు నేనే పెడ్త తియ్యవే. మంట సంగతి ఇడిసిపెట్టు. ఎనక చెట్టుకు మరిదిని గట్ల కట్టేసుడు ఎవరు నేర్పిండ్రు? జెర ఆ సార్ నంబర్ పంపియ్యి, మీ బావకు గూడ అక్కెరున్నది."

కండక్టరమ్మ కూడా నవ్వింది. మొత్తం మీద శిబిరం బాగుంది, వెళ్లండి. టోపీ పట్టుకెళ్లండి, అటుకులు వాళ్లే ఇస్తారు. మీ ఇంట్లో కూడా నాలాంటి మనిషి ఉంటే తప్పక వెంట తీసుకెళ్లండి.

ముత్తంగిలో బస్సు మళ్లీ ఆగింది. సుజాత సంచిలోంచి ఆ తాడు జారి నా కాళ్ల మీద పడింది.

"ఇంకా ఇదెందుకు? పందెం గెలిచావు కదా," అన్నాను.

"రేపు సోమవారం," అంది సుజాత, కిటికీలోంచి లారీలను చూస్తూ. "దీపం పెట్టుకోవద్దా?"

నేను తాడును చిక్కులు తీసి, చక్కగా చుట్టి, మళ్లీ ఆమె సంచిలోనే పెట్టాను.